బిల్ బెల్ గొప్పా, డగ్లస్ మార్లాండ్ గొప్పా? అమెరికన్ డేటైమ్ సోప్ రచయితల గురించి నా జవాబు

మీరు అడిగినవి మూడు. బిల్ బెల్, డగ్లస్ మార్లాండ్‌లలో ఎవరు పెద్ద రచయిత? జేమ్స్ రైలీ అనే రచయితని పాత ప్రేక్షకులు అంతలా తిడతారెందుకు? బయట నవలలు, నాటకాలు రాసుకునేవాళ్లు ఈ రంగంలోకి వచ్చి నెగ్గారా? డేటైమ్ సోప్‌లంటే అమెరికా టీవీలో పగటిపూట వచ్చే, ఏళ్లకేళ్లు నడిచే సీరియళ్లు. వాటిని ఏళ్ల తరబడి చూస్తూ, వాటి గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చినవాణ్ణి కాబట్టి మూడింటికీ జవాబు చెప్పగలను. కాస్త పొడుగవుతుంది.

ముందు నేను దేన్ని చూసి తూకం వేస్తానో చెప్పాలి. హెడ్ రైటర్‌ని, అంటే సీరియల్ మొత్తం కథ నడిపే ప్రధాన రచయితని, అతని అతి పెద్ద సీనుతో అంచనా వేయడం చాలామందికి అలవాటు. ఫలానా పెళ్లి, ఫలానా హత్య, ఫలానా రహస్యం బయటపడిన రోజు. అవన్నీ శుక్రవారం సీన్లు. వారం ఆఖర్లో ఒక దెబ్బ కొట్టి ప్రేక్షకుణ్ణి సోమవారం దాకా టెన్షన్‌లో ఉంచడం మామూలు పనితనం ఉన్నవాళ్లు కూడా చేయగలరు. నేను చూసేది ఆ సోమవారాన్ని. నిజం తెలిసిన భార్య ఏం చేసింది? రెండు నెలల తర్వాత ఆ ఇంట్లో ఎవరు ఎవరితో మాటలు మానేశారు? పదేళ్ల తర్వాత ఆ దెబ్బ ఇంకా ఎవరికైనా సలుపుతోందా? పది వారాల్లో ముగిసే కథలో దీనికి చోటుండదు. యాభై ఏళ్లు నడిచే కథలో అసలు సరుకంతా ఇక్కడే ఉంటుంది.

ఇంకో సంగతి కూడా మనసులో పెట్టుకోండి. వారానికి ఐదు ఎపిసోడ్లు, ఏడాదికి దాదాపు 250. ఇంత సరుకు ఒక్క మనిషి రాయలేడు. హెడ్ రైటర్ ఆరు నెలలకో ఏడాదికో పొడుగాటి కథ వేస్తాడు. దాన్ని బట్టి బ్రేక్‌డౌన్ రైటర్లు ఏ రోజు ఏ సీన్లు, ఎవరెవరు, ఏ సెట్టు అని రోజువారీ అవుట్‌లైన్ కడతారు. డైలాగులు రాసేవాళ్లు వేరు. పైన నెట్‌వర్క్, నిర్మాత, స్పాన్సర్ ఉంటారు. ఏ నటుడికి వారంలో ఎన్ని ఎపిసోడ్లు గ్యారంటీ అన్న లెక్క కూడా కథను అటూ ఇటూ లాగుతుంది. అందుకే ఒక్కో ట్రాక్‌కి పేరు ఎవరికి ఇవ్వాలో తేల్చడం కష్టం. 'జనరల్ హాస్పిటల్'లో ల్యూక్, లారాల కథే చూడండి. నిర్మాత గ్లోరియా మాంటీ పట్టు, మొదట్లో మార్లాండ్ వేసిన పునాది, తర్వాత ప్యాట్ ఫాల్కెన్ స్మిత్ రాత, అన్నీ అందులో కలిసిపోయాయి. 1981 నవంబర్‌లో ఆ పెళ్లిని 3 కోట్ల మంది చూశారంటే అది ఏ ఒక్కరి ఖాతాలోనూ వేయలేం.

బెల్, మార్లాండ్‌ల కన్నా ముందు ఇర్నా ఫిలిప్స్ గురించి చెప్పుకోవాలి. 1930లో షికాగో రేడియోలో మొదలుపెట్టింది. 'గైడింగ్ లైట్' ఆవిడదే: 1937లో రేడియోలో మొదలై, 1952లో టీవీకి వచ్చి, 2009 దాకా నడిచింది. 1956లో 'యాజ్ ద వరల్డ్ టర్న్స్'తో అరగంట ఎపిసోడ్‌ని నిలబెట్టింది. అంతకు ముందు పదిహేను నిమిషాలే. తను పాత్రల గొంతులతో మాట్లాడుతుంటే సెక్రటరీ రాసుకునేది. వంటింట్లో కాఫీ కప్పుల ముందు ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటే చాలు, కథ నడుస్తుందని నిరూపించిన మనిషి. ఎవరికి ఎంత తెలుసు, ఎవరికి తెలియదు అన్నదాని మీదే నెలల తరబడి నడిపేది. పంతం ఎక్కువ. 1967లో తన కొత్త సీరియల్‌లో వేర్వేరు జాతుల వాళ్ల ప్రేమకథను నెట్‌వర్క్ వద్దంటే సీరియల్‌నే వదిలేసి వెళ్లిపోయింది. 1970ల మొదట్లో మళ్లీ 'యాజ్ ద వరల్డ్ టర్న్స్'కి వచ్చి, కిమ్ అనే పాత్రను తన అక్క భర్త డాక్టర్ బాబ్ హ్యూస్‌తో గర్భవతిని చేసింది. ఆమెను శిక్షించమని ప్రేక్షకులు ఉత్తరాలు రాస్తే ససేమిరా అంది. 1973లో ఆవిణ్ణి తీసేశారు. ఈ కిమ్ సంగతి గుర్తుంచుకోండి, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

విలియం జె. బెల్ ప్రకటనల రంగం నుంచి వచ్చి ఇర్నా దగ్గర పని నేర్చుకున్నాడు. 'డేస్ ఆఫ్ అవర్ లైవ్స్'ని 1960ల చివర్లో పైకి తెచ్చింది అతనే. 1973లో భార్య లీ ఫిలిప్ బెల్‌తో కలిసి 'ద యంగ్ అండ్ ద రెస్ట్‌లెస్' పెట్టి, 1998 దాకా తానే హెడ్ రైటర్‌గా ఉన్నాడు. ఒకే మనిషి ఒకే సీరియల్‌ని పాతికేళ్లు రాయడం ఈ రంగంలో ఊహకందని విషయం. ఆ సీరియల్ 1988 చివర్లో రేటింగుల్లో మొదటి స్థానానికి ఎక్కి, అక్కడే పాతుకుపోయింది.

బెల్ బలం ఓపిక. ఒక కోరికనో పగనో పుట్టించి, అది పక్వానికి వచ్చేదాకా ముట్టుకోడు. క్యాథరిన్ చాన్సలర్, జిల్ ఫోస్టర్‌ల కథ చూడండి. డబ్బున్న, తాగుడుకు బానిసైన ఇల్లాలు క్యాథరిన్. ఆమె దగ్గర పనికి చేరిన పేదింటి అమ్మాయి జిల్. క్యాథరిన్ భర్త ఫిలిప్ జిల్‌ను ప్రేమిస్తాడు. విడాకులు తీసుకుని తిరిగొచ్చిన ఫిలిప్‌ని కారెక్కించుకుని, క్యాథరిన్ ఆ కారును కొండ మీంచి పోనిస్తుంది. అతను ఆసుపత్రి మంచం మీదే జిల్‌ని పెళ్లి చేసుకుని చనిపోతాడు. వేరే రచయిత చేతిలో ఇది ఆరు నెలల ట్రాక్. బెల్ చేతిలో మొత్తం సీరియల్‌కి వెన్నెముక అయింది. ఇద్దరు ఆడవాళ్లు దశాబ్దాలపాటు ఒకరినొకరు వదల్లేదు, భరించనూ లేదు. పెళ్లిళ్లయ్యాయి, విడిపోయారు, ముసలివాళ్లయ్యారు. 1984లో క్యాథరిన్ పాత్రధారి జీన్ కూపర్ ముఖానికి నిజంగానే ఆపరేషన్ చేయించుకుంటే దాన్నే కథలో పెట్టి తెర మీద చూపించారు. ఒక మనిషి వయసును కథ చేయడానికి అంత ధైర్యం అప్పట్లో ఇంకెవరికీ లేదు.

బెల్ బలహీనతలు కూడా గట్టివే. అతని లోకం ఇరుకు. రెండు మూడు కుటుంబాలు, రెండు కంపెనీలు, నాలుగు డ్రాయింగ్ రూములు. బయట దేశంలో ఏం జరుగుతోందో అందులోకి పెద్దగా రాదు. వచ్చినా ఒక పాత్ర నోటి వెంట పాఠంలా వస్తుంది. ప్రేమ త్రికోణాన్ని విప్పడం అతనికి ఇష్టం ఉండదు, మళ్లీ మొదటి ముడికే తెస్తాడు. 1987లో మొదలైన 'ద బోల్డ్ అండ్ ద బ్యూటిఫుల్'లో బ్రూక్, రిడ్జ్‌ల పెళ్లిళ్లు, విడాకులు ఎన్నోసారో లెక్క పెట్టుకోవలసి వచ్చిందంటే ఆ విత్తనం బెల్‌దే. అలాగని మొండిపట్టు పట్టే మనిషి కూడా కాదు. 1980లో సీరియల్‌ని గంటకు పెంచినప్పుడు చాలామంది నటులు వెళ్లిపోయారు. తను ఎంతో ప్రేమతో కట్టిన బ్రూక్స్, ఫోస్టర్ కుటుంబాలను పక్కన పెట్టి అబ్బట్, విలియమ్స్ కుటుంబాలను నిలబెట్టాడు. అదే 1980లో విక్టర్ న్యూమన్ వచ్చాడు. మొదట కొద్దికాలం ఉండి పోవలసిన విలన్. తన భార్యతో సంబంధం ఉందని అనుమానించి ఒకతన్ని నేలమాళిగలో బంధించి ఎలుకను వండి పెట్టిన దుర్మార్గుడు. ఆ నటుడిలో బెల్ ఏదో చూశాడు, ఒంటరితనం ఇచ్చాడు, అనాథ బాల్యం ఇచ్చాడు. విక్టర్ ఆ సీరియల్‌కి కేంద్రమైపోయాడు.

ఇక మార్లాండ్. నటుడిగా మొదలై రచయిత అయ్యాడు. 'జనరల్ హాస్పిటల్', 'గైడింగ్ లైట్' రాసి, 1985 నుంచి 1993లో చనిపోయేదాకా 'యాజ్ ద వరల్డ్ టర్న్స్' రాశాడు. ఆ ఎనిమిదేళ్ల కాలాన్ని మించినది అమెరికన్ డేటైమ్‌లో ఇంకొకటి లేదని నా అభిప్రాయం. కారణం చెబుతాను.

అతను ఇతరుల సీరియల్ చేతికి తీసుకున్నప్పుడు ముందు దాని చరిత్ర చదివేవాడు. కొత్త రచయితలు చేయకూడని పనుల గురించి ఒక పత్రికకు ఇచ్చిన జాబితా ఇప్పటికీ ప్రేక్షకుల నోళ్లలో నానుతుంది: సీరియల్ చూడు, పాత కథ నేర్చుకో, ప్రేక్షకుల ఉత్తరాలు చదువు, నటులతో మాట్లాడు, మూల పాత్రల స్వభావం మార్చకు, కొత్త పాత్రలను నెమ్మదిగా పాతవాళ్లతో ముడివేసి తీసుకురా. వినడానికి మామూలు మాటలే. పాటించినవాళ్లు వేళ్ల మీద లెక్కించేంత మంది కూడా లేరు.

కిమ్ సంగతి గుర్తుంచుకోమన్నాను కదా. 1985కల్లా ఆమె అదే బాబ్‌కి భార్య అయింది, ఊరంతటికీ తల్లిలాంటి మనిషి. 1990 ప్రాంతంలో మార్లాండ్ బాబ్‌కీ, అతనితో ఆసుపత్రిలో పనిచేసే డాక్టర్ సూసన్‌కీ సంబంధం పెట్టాడు. పైకి అరిగిపోయిన కథ. కానీ ఒకప్పుడు సొంత అక్క కాపురంలో చిచ్చుపెట్టిన మనిషి ఇప్పుడు అదే మగవాడి వల్ల అదే దెబ్బ తింటోంది. ఇరవై ఏళ్లు చూసిన ప్రేక్షకుడికి ఆమె మౌనంలో అక్క కూడా కనిపిస్తుంది. ఇర్నా ఫిలిప్స్ ఉద్యోగం పోగొట్టుకున్న కథ నుంచి మార్లాండ్ ఇంత పిండుకున్నాడు.

లిలీ కథ కూడా అంతే బిగువైనది. కోటీశ్వరురాలు లుసిండా పెంచిన లిలీ, గుర్రపుశాలలో పనిచేసే హోల్డెన్ స్నైడర్‌ని ప్రేమిస్తుంది. లిలీ కన్నతల్లి ఎవరంటే హోల్డెన్ అక్క ఐవా. మరి మేనమామతో ప్రేమా అనుకునేలోపు, ఐవా కూడా స్నైడర్‌లకు పుట్టిన పిల్ల కాదు, పెంచుకున్న పిల్ల. కాబట్టి రక్తసంబంధం లేదు, కానీ ఇల్లు ఒకటే. ఈ ఒక్క ముడితో పెంచిన తల్లి, కన్నతల్లి, ప్రియుడు, ఆ వంటింటి బల్ల చుట్టూ కూర్చునే తోబుట్టువులు అందరూ ఒకే కథలోకి వచ్చేశారు. నిజం బయటపడ్డాక వచ్చిన ఎపిసోడ్లే అసలు కథ. ఎవరి కోపం వాళ్లకు న్యాయంగానే తోస్తుంది. 1988లో హ్యాంక్ ఎలియట్ అనే గే పాత్రను తెచ్చినప్పుడు కూడా అదే పద్ధతి. ముందు అతన్ని అందరికీ స్నేహితుణ్ణి చేశాడు, విషయం తర్వాత చెప్పాడు.

అతని లోపం అతను చెప్పిన సూత్రంలోనే ఉంది. నెమ్మదిగా తెచ్చిన స్నైడర్ కుటుంబం అతనికి ప్రాణం. తను పెరిగిన పల్లె జీవితం అందులో ఉంది. దాంతో ఒక దశలో ఏ కథ మొదలైనా ఆ ఇంటి గుమ్మం తొక్కాల్సిందే అన్నట్టయింది. హత్య మిస్టరీల్లో అతని చేయి అంత చురుకు కాదు, అవి సాగేవి. ఇంకా పెద్ద సమస్య, అతని అల్లిక ఎంత చిక్కనిదంటే అతను పోయాక దాన్ని పట్టుకుని నడిపేవాళ్లు దొరకలేదు. కొన్నేళ్లలోనే ఆ సీరియల్ గుర్తుపట్టలేనట్టు తయారైంది.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు: ఒక కథ పేలేముందు ఉండే ఉత్కంఠలో బెల్ సాటిలేనివాడు. పేలాక మిగిలే దాన్ని రాయడంలో మార్లాండ్. నా తూకం మార్లాండ్ వైపే మొగ్గుతుంది. బెల్ తన సొంత ఇంట్లో, కుటుంబం అండతో, పాతికేళ్లు రాసుకున్నాడు. మార్లాండ్ పరాయి ఇంట్లో, పరాయి పాత్రలతో ఆ పని చేశాడు.

ఆగ్నెస్ నిక్సన్ గురించి మీరు అడగలేదు, అయినా వదలలేను. ఆవిడా ఇర్నా శిష్యురాలే. 1962లో 'గైడింగ్ లైట్'లో బెర్ట్ బవర్‌కి గర్భాశయ క్యాన్సర్ కథ రాసింది. 'క్యాన్సర్', 'గర్భాశయం' అన్న మాటలు వాడకూడదన్న షరతు మీద ఒప్పుకున్నారు. ఆ మాటలు లేకుండానే ఆడవాళ్లను పరీక్ష చేయించుకోమని చెప్పగలిగింది. 1968లో 'వన్ లైఫ్ టు లివ్' పెట్టగానే చేసిన పని మరీ సాహసం. కార్లా బెనారీ అనే తెల్ల యువతి ఒక నల్లజాతి డాక్టర్‌ని ముద్దు పెట్టుకుంటుంది. ప్రేక్షకులు మండిపడ్డారు. నెలల తర్వాత తెలిసింది: కార్లా నల్లజాతి పిల్లే, ఆసుపత్రిలో పనిచేసే సేడీ గ్రే కూతురు, తెల్లదానిలా చలామణి అవుతోంది. అప్పటికే కోపం తెచ్చుకున్నవాళ్లకు తమ కోపం దేని మీదో తామే తేల్చుకోవలసి వచ్చింది. సందేశం ఇస్తూ కథను ఇంత తెలివిగా అమర్చిన వాళ్లు లేరు. ఆవిడ కథల్లో హాస్యం కూడా ఉంటుంది, డబ్బున్నవాడికీ లేనివాడికీ తేడా తెలుస్తుంది. కానీ సమస్య తీరాక ఆ పాత్రకు ఏం మిగిలింది అన్నచోట ఆవిడ సీరియళ్లు తడబడ్డాయి. కార్లానే మెల్లగా అంచుకు నెట్టేశారు. ఆ పాత్ర వేసిన ఎలెన్ హాలీని 1985లో తీసేశారు. అవన్నీ నిక్సన్ రాసినవి కావు. కానీ ఆవిడ పునాది వేసి పైకి వెళ్లిపోయి, రోజువారీ రాత వేరేవాళ్లకు అప్పజెప్పే పద్ధతికి ఇది మూల్యం.

ఇప్పుడు రైలీ. 1993 నుంచి 1997 దాకా 'డేస్ ఆఫ్ అవర్ లైవ్స్' రాశాడు. కార్లీ అనే పాత్రను బతికుండగానే పాతిపెట్టించాడు. 1994, 95లలో డాక్టర్ మార్లీనా ఒంట్లోకి దెయ్యాన్ని తెచ్చాడు. రేటింగులు పెరిగాయి, కుర్రకారు టీవీల ముందుకు వచ్చారు. ఇది చిన్న విషయం కాదు. అతనికి ఒక అరుదైన శక్తి ఉంది: పిల్లలకు కథ చెప్పినట్టు, జరగబోయేది ముందే చూపించి భయపెట్టగలడు. దెయ్యం కథ మొదటి నెలలు నిజంగా పట్టుకుని కూర్చోబెడతాయి.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, అతని కథ నడవాలంటే ఊళ్లో అందరూ తెలివి తక్కువవాళ్లు కావాలి. ప్రేక్షకుడికి మొదటి వారంలో తెలిసింది పాత్రకు ఏడాదికి కూడా తెలియదు. సాగదీత అతని చేతిలో పద్ధతి అయిపోయింది. తర్వాత అతను పెట్టిన 'ప్యాషన్స్' సీరియల్‌లో ఒక్క రోజు కథ వారాల తరబడి నడిచేది. 2003లో 'డేస్'కి తిరిగొచ్చి, ఒక హంతకుణ్ణి ఊరి మీదికి వదిలాడు. పాత తరం పాత్రలు వరసగా చనిపోయాయి. మొదటి నుంచీ ఆ సీరియల్‌కి అమ్మమ్మలాంటి ఆలిస్ హార్టన్‌ని, ఆవిడ చేతి డోనట్లతోనే ఊపిరాడకుండా చేసి చంపించాడు. పాత ప్రేక్షకులు నిజంగా ఏడ్చారు. తర్వాత చూస్తే అందరూ ఒక దీవిలో బతికే ఉన్నారు. నా అభ్యంతరం ఇదే. అసంభవమైన కథ రాసినందుకు కాదు. ప్రేక్షకుడి ఏడుపుని వెనక్కి తీసుకున్నందుకు. ఒకసారి అలా జరిగాక, తర్వాత వచ్చే ఏ రచయిత చావు రాసినా ఎవరూ నమ్మరు.

చావు రాయడం ఎలాగో తెలియాలంటే క్లెయిర్ లబీన్ దగ్గరికి వెళ్లాలి. 1975లో పాల్ ఎవిలా మేయర్‌తో కలిసి 'రయన్స్ హోప్' పెట్టింది. న్యూయార్క్‌లో బార్ నడుపుకునే ఐరిష్ కుటుంబం కథ. ఆవిడ డైలాగుల్లో ఒక్కొక్కరి గొంతు వేరుగా వినిపిస్తుంది. 1994లో 'జనరల్ హాస్పిటల్'లో డాక్టర్ టోనీ కూతురు బీజే స్కూల్ బస్సు ప్రమాదంలో చనిపోతుంది. అదే సమయంలో టోనీ తమ్ముడి కూతురు మ్యాక్సీకి గుండె కావాలి. బీజే గుండెను మ్యాక్సీకి పెడతారు. తర్వాత టోనీ మ్యాక్సీ మంచం దగ్గరికి వచ్చి, వంగి, ఆ పాప ఛాతీ మీద తల ఆనించి తన కూతురి గుండె చప్పుడు వింటాడు. ఒక్క మాట లేదు. మరుసటి ఏడాది స్టోన్ అనే కుర్రాడు ఎయిడ్స్‌తో చనిపోయే కథ, అతని ప్రియురాలు రాబిన్‌కి హెచ్ఐవీ సోకిన కథ కూడా ఆవిడ హయాంలోనే వచ్చాయి. రాబిన్ ఆ తర్వాత దశాబ్దాలపాటు హెచ్ఐవీతోనే బతికింది, చదువుకుంది, డాక్టరైంది. అయితే లబీన్‌కి పెద్ద హంగామా కథలు అచ్చిరావు. 'రయన్స్ హోప్'లో 1980 ప్రాంతంలో గొరిల్లా ఒకటి అమ్మాయిని ఎత్తుకుపోయే సినిమా అనుకరణ పెట్టారు. ఆ బార్‌లో కూర్చున్న మనుషులకీ దానికీ పొంతనే లేదు.

మీ మూడో ప్రశ్న. బయటివాళ్లలో ఇద్దరి పేర్లు చెబుతాను. హార్డింగ్ లెమే నాటక రచయిత. 1971 నుంచి 1979 దాకా 'అనదర్ వరల్డ్' రాశాడు. అందరూ అసహ్యించుకునే రేచల్‌ని ఆ సీరియల్ కథానాయికగా మార్చాడు. ఇద్దరు ఒక గదిలో మాట్లాడుకుంటే వాళ్లు చెప్పనిది వినిపించేలా రాశాడు. 1975లో ఆ సీరియల్ గంట నిడివికి వెళ్లిన తొలి డేటైమ్ సోప్ అయింది. అయితే జనం ప్రాణంగా చూసుకునే స్టీవ్, ఆలిస్‌ల జంట మీద అతనికి ఆసక్తి లేదు. ఆ ఇద్దరు నటులనూ అదే ఏడాది తీసేశారు. 1979లో నిడివి గంటన్నరకు పెంచాక అతను కూడా తప్పుకున్నాడు.

రెండోవాడు నవలాకారుడు మైఖేల్ మలోన్, 1991 నుంచి 1996 దాకా 'వన్ లైఫ్ టు లివ్' హెడ్ రైటర్. 1993లో కాలేజీ అమ్మాయి మార్టీ మీద సామూహిక అత్యాచారం కథ అతని గొప్ప పని. మార్టీ అంతకు ముందు తాగి తిరిగే, అబద్ధాలాడే అమ్మాయి. కాబట్టి ఎవరూ నమ్మరు. కుర్రాళ్ల తరఫున వాదించే లాయర్ నోరా అందరికీ ఇష్టమైన మంచి మనిషి. విచారణ మధ్యలో ఆమెకు తన క్లయింట్లు దోషులని అర్థమవుతుంది. అప్పుడు తన వృత్తినే పణంగా పెట్టి కేసు చెడగొట్టుకుంటుంది. ఒక్క కథలో బాధితురాలికీ, లాయర్‌కీ, ఊరికీ తలా ఒక పరీక్ష పెట్టాడు. నవల రాసే చేయి అక్కడ తెలుస్తుంది.

అతని కష్టం కూడా అక్కడే మొదలైంది. ఆ గుంపుకి నాయకుడైన టాడ్ మానింగ్‌గా రోజర్ హవార్త్ అంత బాగా నటించాడు, జనం అతన్ని వదులుకోలేకపోయారు. నవల అయితే పుస్తకం మూసేస్తే సరిపోయేది. ఇక్కడ టాడ్ రోజూ తెర మీదికి రావాలి, ఏదో ఒక కథ కావాలి. పశ్చాత్తాపం ఎంత, క్షమ ఎంత అన్న ప్రశ్నను మలోన్ కొన్నేళ్లు జాగ్రత్తగా మోశాడు. ల్యూక్ 1979లో లారాను బలాత్కరించాక వాళ్ల కథను ప్రేమకథగా తిప్పిన దారిలో టాడ్, మార్టీలను పోనివ్వలేదు. తర్వాత, 2008లో, వేరే రచయితల హయాంలో జ్ఞాపకం పోయిన మార్టీని టాడ్‌కి దగ్గర చేశారు. పాత ప్రేక్షకులకు మనసు విరిగిపోయింది. మీరు ఈ సీరియల్ చూడాలనుకుంటే 1993 విచారణ ఎపిసోడ్ల నుంచి మొదలుపెట్టండి, 2008 దాకా వెళ్లకండి.